మాంసం కొట్టులో గ్రంథాలయం

నాకు ఎముకలు తెలుసు.
కత్తి ఎక్కడ దిగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో తెలుసు.
పుస్తకాలంటారా, మా పోర్తు అలెగ్రెలో
పుట్టినవాడెవడికైనా తెలిసినంతే తెలుసు:
ఏటా జకరండాలు పూసే వేళకి
కస్టమ్సు చౌకులో పుస్తకాల సంత పెడతారు,
ఒకాయన చేతిగంట ఊపుకుంటూ బయల్దేరతాడు,
మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని
ఆ గంట వెనకాల నడిచేవాడు.
ఒక్క పుస్తకమూ కొనలేదు.
జేబుల నిండా ఊదాపూలు కుక్కుకుని వచ్చేవాళ్ళం.

ఆ మే నెలలో గ్వాయిబా ఊళ్ళోకొచ్చింది.
గుమ్మం దగ్గర ఆగి, అడిగి, రాలేదు.
పల్లపు పేటలో వాచనాలయం,
డెబ్బై ఏళ్ళుగా రేవుకూలీలూ మిల్లు ఆడవాళ్ళూ
చందాలేసి నిలబెట్టుకున్నది,
మూడో అరదాకా మునిగింది.

తొమ్మిదోనాడు నోఎలీ ష్వాంతెస్ వచ్చింది,
గుట్ట మీది నా కొట్టుకి,
పడవ దిగి, మోకాళ్ళ దాకా బురదతో.
"ఇల్దో, నీ ఫ్రీజర్ ఖాళీయేనా?"
లారీలు రాక వారం; కొక్కేలకి గాలి వేలాడుతోంది.
"మాంసమెక్కడిదమ్మా?" అన్నాను.
"మాంసం కాదు" అంది.

తడిసి మోపెడవడం అంటే
అప్పుల గురించి అనుకునేవాణ్ణి.
ఆ రోజు దాన్ని చేతులతో మోశాను.
పావుకిలో నవల
నా తక్కెడలో ముప్పావు కిలో తూగింది.
ఊరంతా వాటి మీద నీళ్ళొదులుకుంది.
ఆవిడొక్కతే, "నీళ్ళు అవే వదులుతాయి,
నువ్వు గడ్డకట్టించు, బూజు ఆగుతుంది,
మిగతాది ఓపిక" అంది.

మూడు వందల నలభై రెండు.
నడుం మాంసం అరలో నిఘంటువులు,
నాలుకల అరలో కవిత్వం.
కావాలని పెట్టలేదు, అక్కడే చోటుంది.

చలికాలమంతా మంగళవారాలు
కొట్టు మూశాక పదేసి బయటికి తీశాం.
ఫ్యాను. పాత పేపర్లు. పుటకీ పుటకీ మధ్య ఓ కాగితం.
మాటే బుర్ర చేతులు మారుతూ తిరిగేది,
అందరికీ ఒకే గొట్టం, ఒకే చేదు.
అతుక్కున్న పేజీ విడదీసినవాళ్ళు
దాన్ని పైకి చదవాలని నియమం.
అలా నాకు కథలన్నీ మధ్యలోంచే మొదలయ్యాయి:
ఎవరో రైలు దిగుతారు. ఎందుకు ఎక్కారో తెలీదు.
ఒక ముద్దు మీద
పేపరు సిరా అంటుకుని
సోయా ధర తిరగబడి అచ్చయింది.
అద్రోఆల్దో, నలభయ్యేళ్ళు సీసపు అక్షరాలు పేర్చినవాడు,
దాన్ని అలాగే చదివేశాడు, తడబడకుండా.

ఒక పుస్తకంలో మాత్రం
నలభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా గుజ్జు.
"నాకు కంఠతా వచ్చు" అంది జురేమా, ఎనభై దాటిన మనిషి.
మిల్లులో అన్నాల వేళ అందరికీ చదివి వినిపించేదట.
ఆవిడ చెప్పినదాంట్లో వితంతువు గుర్రాన్ని అమ్మేస్తుంది.
"అమ్మదు, వదిలేస్తుంది" అన్నాడు అద్రోఆల్దో.
"గుర్రమేమిటి, గాడిద కదా!" గుమ్మం దగ్గర్నించి ఎవరో.
జూన్‌లో మొదలైన గొడవ ఆగస్టు దాకా నడిచింది.
కొత్త ప్రతి తెప్పిద్దామని ఒక్కరూ అనలేదు.
చివరికి నేను మాంసం చుట్టే గులాబిరంగు కాగితం మీద
మూడు కథలూ రాసి,
రోస్టుకి కట్టే దారంతో కుట్టేశాం.
కుట్టు నాది. అది మాత్రం గుర్తుంచుకోండి.

జకరండాలు పూశాయి. గంట మోగింది.
సంతలో మా బల్ల మీద అవన్నీ
ఉబ్బి, అలలు తిరిగి, మూతపడమని మొండికేసి.
ఒకాయన గులాబి కాగితాలది ఎత్తి "ఎంత?" అన్నాడు.
బతుకంతా ఆ ప్రశ్నకి
గ్రాములతో సహా జవాబు చెప్పినవాణ్ణి,
నోరు పెగల్లేదు.
"కూచుని చదివి వెళ్ళండి" అంది తైనారా,
జురేమా మునిమనవరాలు, కుర్చీ జరుపుతూ.

సాయంత్రం ఆ పిల్లే దాన్ని ఇంటికి తీసుకెళ్ళింది, వంతు తనది.
రాలిన ఊదాపూల మీద చదువుకుంటూ నడుస్తోంది,
దీపస్తంభాల్ని ఎలా తప్పుకుంటోందో.
వెనకాలే ఒక వీధికుక్క,
పేజీ తిప్పినప్పుడల్లా ముక్కు పైకెత్తి.